బేస్తారం రాత్రి విమానం

నాందేడ్,
ఆదివారం.

అక్కకు, నీ తమ్ముడు రాజేశం రెండు చేతులూ జోడించి నాందేడ్ నుంచి రాస్తున్నది.

నా ఒంట్లో బాగానే ఉంది. నువ్వు నమ్మకపోయినా నిజంగానే బాగుంది. అక్కడ నువ్వు, బావ, మీ అత్తమ్మ, చిన్నోడు అందరూ బాగున్నారనే అనుకుంటున్నాను. అనుకోవడమే తప్ప తెలిసే దారి లేదు. నీ చేతిరాత చూసి నెల దాటింది. నీకు కోపం వచ్చి ఉంటుంది. రావాల్సిందే. వేములవాడలో చిన్నోడి పుట్టువెంట్రుకలు పెట్టుకుని, మేనమామ వస్తాడని మీరంతా శుక్రవారం పొద్దున్నుంచీ కూర్చుంటే నేను రాలేదు. రాలేనని ఒక తంతి అయినా ఇవ్వలేదు. ఎందుకు రాలేదో చెప్పాలని మూడుసార్లు ఇన్‌లాండు కవరు తెచ్చుకున్నాను. మూడుసార్లూ సగంలో ఆపేశాను. ఆ నీలం కాగితంలో పట్టే సంగతి కాదు. అందుకే ఇవాళ తెల్లకాగితాలు కొనుక్కుని గదిలో కూర్చున్నాను. కోపం పక్కన పెట్టి చివరిదాకా చదువు.

ఇక్కడ ఎండలు మొదలయ్యాయి. నా గది రేకుల గది అని చెప్పాను కదా, కింద బట్టల దుకాణం. పగలు గదిలో ఉండలేం, ఎలాగూ ఆఫీసులోనే ఉంటాను కాబట్టి ఇబ్బంది లేదు. తిండి ఖానావళిలో. జొన్నరొట్టె మనకు కొత్త కాదు గానీ రెండు పూటలా అదే, దాంతో శనగపిండి పిఠలం. అన్నం అడిగితే చివర్లో ఒక గిన్నెడు పెడతారు. మంచివాళ్లే. వడ్డించే ముసలాయన నన్ను 'మద్రాసీ' అంటాడు. మాది మెట్‌పల్లి, మద్రాసు కాదని ఏడాది పాటు చెప్పి మానేశాను. మరాఠీ ఇప్పుడు బాగా వచ్చింది. ఆఫీసులో మరాఠీ, బజారులో హిందీ, టైపు మిషను మీద ఇంగ్లీషు. తెలుగు మాత్రం నోట్లోంచి బయటికి వచ్చే పని లేదు. ఒక్కోసారి గదికి వచ్చి తాళం తీస్తూ 'ఇదేంది, తాళం పడ్తలేదు' అని పైకే అనుకుంటాను, మాట మరిచిపోకుండా.

నేను చేసే పని ఏమిటో నీకు సరిగ్గా ఎప్పుడూ చెప్పలేదు. బావ అందరికీ 'మా బామ్మర్ది విమానాల్ల పని జేస్తడు' అని చెబుతాడట. విమానాల్లో కాదక్కా, విమానం టికెట్లు రాసే దుకాణంలో. మన దేశం విమాన కంపెనీ, అదే సర్కారుది, పరాయి దేశాలకు పోయేది, దాని టికెట్లు మేం ఇక్కడ రాసిస్తాం. గురుద్వారాకు లండన్ నుంచి వచ్చే సర్దార్లు తిరుగు ప్రయాణం ఖాయం చేయించుకోవడానికి మా దగ్గరికే వస్తారు. ఈ రెండేళ్లుగా దుబాయి, మస్కట్ పోయే కూలీలు కూడా వస్తున్నారు. గోడ మీద పెద్ద పటం ఉంటుంది. బొంబాయి దగ్గర ఒక చుక్క, అక్కడి నుంచి ఎర్ర గీతలు లండన్‌కు, న్యూయార్క్‌కు, నైరోబీకి, టోక్యోకు. రోజూ ఆ గీతల కింద కూర్చుంటాను. ఏ రోజు ఏ విమానం ఎక్కడ ఆగుతుందో, ఎంతసేపు ఆగుతుందో నిద్రలో అడిగినా చెబుతాను. కానీ ఒక్క విమానాన్నీ దగ్గరగా చూసి ఎరగను.

మా యజమాని దేశ్‌పాండే సాహేబు. వయసులో ఉన్నప్పుడు బొంబాయిలో ఆ కంపెనీ బుకింగ్ ఆఫీసులోనే పనిచేశాడు. పని లేని మధ్యాహ్నాలు పాత సంగతులు చెబుతాడు. మొదట్లో ఆ కంపెనీకి ఉన్నది ఒంటి ఇంజను చిన్న విమానమట, కరాచీ నుంచి బొంబాయికి టపా సంచులు మోసేదట. కంపెనీ పెట్టిన పెద్దమనిషే తొలిసారి దాన్ని నడిపాడట. స్వరాజ్యం వచ్చాక పెద్ద విమానాలు కొని కైరో, జెనీవాల మీదుగా లండన్ దాకా వెళ్లారట. తర్వాత సర్కారు తీసుకుంది. పంకాల విమానాలన్నీ పక్కన పెట్టి అన్నీ జెట్లే నడిపిన మొదటి కంపెనీ ప్రపంచంలో మనదేనని చెప్పేటప్పుడు సాహేబు కుర్చీలో నిటారుగా కూర్చుంటాడు. జంబో వచ్చిన రోజు చూడాలని పనిగట్టుకుని బొంబాయి వెళ్లాడట. కిటికీల చుట్టూ రాజమహల్ గవాక్షాల్లా ఎర్రగా దిద్దారట. ఇవన్నీ నాకు తీరిగ్గా కథ చెప్పినట్టు చెబుతాడు గానీ, పనిలో తప్పు చేస్తే మాత్రం ఆయన మొహం చూడలేం.

తప్పు చేశాను. అదే చెప్పబోతున్నాను.

సంక్రాంతి వెళ్లాక ఒక మధ్యాహ్నం ఆఫీసుకు ఒకాయన వచ్చాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. భుజం మీద తువ్వాలు, చేతిలో పాస్‌పోర్టు చుట్టిన ప్లాస్టిక్ సంచి. సాహేబుతో మరాఠీలో మాట్లాడుతున్నాడు. సంచి ముడి విప్పుతుంటే రాలేదు. 'ఇదేంది, గిట్ల బిగిసింది' అన్నాడు తనలో తాను. నేను టైపు కొట్టడం ఆపేశాను.

"ఏ ఊరన్నా మీది?" అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "సగరోళి అవతల సారూ. నువ్వు తెలుగోనివా?"

"అవునన్నా. మెట్‌పల్లి దిక్కు."

"అయితే మనోనివే!" అని సంచి వదిలేసి నా చెయ్యి పట్టుకున్నాడు.

ఆయన పేరు గంగారాం. వాళ్ల ఊళ్లో ఇంట్లో తెలుగే. భూమి లేదు, చిన్నప్పటి నుంచి కూలిపనే. దుబాయిలో ఇళ్లు కట్టే పని దొరికింది. కాగితాల కోసం నాలుగైదుసార్లు వచ్చాడు. వచ్చినప్పుడల్లా నా బల్ల పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవాడు. పని అయిపోయినా ఒక గంట కూర్చునేవాడు. వానల ముచ్చట, వాళ్ల ఊరి ముచ్చట, ఏదో ఒకటి. అక్కా, ఆయన వస్తానన్న రోజు నేను పొద్దున్నే తయారై కూర్చునేవాణ్ణి. అంత చిన్న సంగతికి ఇంత సంబరమా అని నువ్వు నవ్వుతావు. నవ్వు, పర్వాలేదు.

ఆయన టికెట్ నేనే రాశాను. చదువు రాదు కాబట్టి నోటితో కూడా చెప్పాను. "విమానం బేస్తారం నాడు, అర్ధరాత్రి దాటినంక నలభై నిమిషాలకు. బేస్తారం సాయంత్రానికల్లా నువ్వు విమానాల అడ్డాకు పోయి ఉండాలె." ఆయన రెండుసార్లు నాతో చెప్పించుకున్నాడు. "బేస్తారం రాత్రి," అని వేలు ముడుచుకున్నాడు.

బుధవారం సాయంత్రం రైలెక్కించాను. ఆయన భార్య సాయవ్వ కూడా స్టేషనుకు వచ్చింది. గురువారం పొద్దున ఆఫీసుకు వచ్చి, ఆ సాయంత్రమే నేను మన ఊరు బయల్దేరాలి కాబట్టి మిగిలిన పనులు చక్కబెడుతూ గంగారాం టికెట్ నకలు ఫైలులో పెట్టబోయాను. దాని మీద నా చేతిరాతే: గురువారం, సున్నా సున్నా నలభై.

విమానాల లెక్కలో అర్ధరాత్రి పన్నెండు కొట్టగానే తేదీ మారిపోతుంది. గురువారం సున్నా నలభై అంటే మనం బుధవారం రాత్రి అనేది. ఆ విమానం అప్పటికే ఎగిరిపోయింది. నేను దాన్ని ఎన్నో టికెట్ల మీద రాశాను, సర్దార్లకు చెప్పాను, ఎన్నడూ పొరపాటు పడలేదు. తెలుగులో చెప్పేసరికి, గురువారం అనగానే చిన్నప్పటి నుంచి మనం అనుకునే బేస్తారమే నోట్లోంచి వచ్చింది.

ఆయన వీసా గడువు శనివారం. ఆలోగా ఆ దేశంలో కాలు పెట్టకపోతే కాగితాలన్నీ చెల్లవు. సాహేబు బొంబాయికి అర్జెంటు ట్రంకుకాల్ చేశాడు. శుక్రవారం రాత్రి దాటాక మరొక విమానం ఉంది, అదీ నిండిపోయింది, ఎవరైనా రాకపోతేనే చోటు. ఫోను పెట్టేసి నా వైపు చూశాడు.

"తికీట్ తూ లిహిలంస్. తూచ్ జా," అన్నాడు. రాసింది నువ్వు, బొంబాయి వెళ్లేదీ నువ్వే అని. నేను గుమ్మం దాటుతుంటే కొంచెం గొంతు తగ్గించి మరొక మాట కూడా అన్నాడు. ప్రయాణికుడే ఆలస్యంగా వచ్చాడని చెబితే సరిపోతుంది, ఆయనకు ఎలాగూ చదువు రాదు కదా అని.

సాయంత్రం స్టేషనుకు వెళ్లాను. మన ఊరికని సర్దుకున్న సంచే చేతిలో ఉంది. చిన్నోడికి కొన్న చొక్కా, జరీ టోపీ అందులోనే ఉన్నాయి. నిజామాబాద్ వైపు బండి, మన్మాడ్ వైపు బండి గంట తేడాతో వస్తాయి. మొదట మన వైపు బండే వచ్చింది. అక్కా, నీతో అబద్ధం ఎందుకు, ఒక కాలు మెట్టు మీద పెట్టాను. మళ్లీ దిగాను. పగలంతా ట్రంకుకాల్ దగ్గరే గడిచింది, ఇప్పుడు తంతి ఇద్దామని పోస్టాఫీసుకు పోతే బండి తప్పిపోతుందేమోనని భయం. అలా నిలబడే ఉన్నాను.

మన్మాడ్‌లో బండి మారి, శుక్రవారం పొద్దెక్కాక బొంబాయిలో దిగి, అడుగుతూ అడుగుతూ శాంతాక్రూజ్ విమానాశ్రయానికి చేరాను. బయట ఒక స్తంభం పక్కన రేకు పెట్టె మీద తువ్వాలు పరుచుకుని గంగారాం కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. ఆయన మొహంలో కోపం వెతుక్కున్నాను. సంతోషమే కనబడింది. అదే ఎక్కువ బాధ పెట్టింది.

"ఏంది సారూ, నువ్వు గూడ అచ్చినవా? నా విమానం మొన్ననే పోయిందట. లోపలికి పోనియ్యలే. నాకు సమజైతలేదు. పొద్దు పొడువకుండ బేస్తారం ఎట్లయితది?"

"తప్పు నాదన్నా. నేనే తప్పు జెప్పిన."

ఆయన తువ్వాలు దులిపి పెట్టె మీద నాకు చోటు చూపించాడు. తర్వాత, "తిన్నవా?" అన్నాడు. మూటలో మిగిలిన ఒక రొట్టె సగం చేసి ఇచ్చాడు.

కంపెనీ కౌంటరు దగ్గర నడివయసు ఆవిడ ఉంది. ఎర్రంచు చీర, కళ్లజోడు. టికెట్ చూసి హిందీలో అడిగింది, ఇది ఎవరి తప్పు అని. నేను నోరు తెరిచేలోపే గంగారాం ముందుకు వచ్చాడు.

"గల్తీ మేరీచ్ హై బాయీ. మై దేర్ సే ఆయా."

తప్పు నాదే, నేనే ఆలస్యంగా వచ్చానని. నేను నేర్పలేదక్కా. ఎవరూ నేర్పలేదు. నా ఉద్యోగం పోతుందేమోనని ఆయనే అన్నాడు. సాహేబు చెప్పమన్న మాట, నేను రైల్లో రాత్రంతా చెప్పాలా వద్దా అని నలిగిన మాట, ఆయన నోటితో వచ్చింది. నేను ఊరుకుంటే చాలు.

"కాదు మేడం, తప్పు నాది," అన్నాను.

ఆవిడ ఇద్దరినీ చూసింది. వాళ్ల పద్ధతి చెప్పింది. ప్రయాణికుడే రాకపోతే పేరు జాబితాలో అందరికన్నా చివరికి పోతుంది. టికెట్ రాసినవాడే తప్పు చెప్పాడని రాతపూర్వకంగా ఒప్పుకుంటే పై అధికారికి చూపించి పేరు పైకి తేవచ్చు. అప్పుడైనా సీటు మిగిలితేనే.

"రాసిస్తావా? మీ ఆఫీసు మీదికి వస్తుంది," అంది.

రాసిచ్చాను. మా ఆఫీసు పేరు, నా పేరు, కింద సంతకం. చదివి, ఇంగ్లీషులో ఒక అక్షరం తప్పు రాస్తే దిద్ది, లోపలికి తీసుకెళ్లింది. తిరిగి వచ్చి, "నాలుగో పేరు. రాత్రి ఇక్కడే ఉండండి," అంది.

ఇక ఎదురుచూడటమే. చూసేవాళ్ల కోసం మేడ మీద ఒక వరండా ఉంటే అక్కడికి వెళ్లాం. అక్కడ చూశానక్కా, విమానం. మనిషి దాని చక్రం ఎత్తు కూడా లేడు. నిచ్చెన బండి దానికి ఆనించి మనుషులు చీమల్లా ఎక్కుతున్నారు, ఒక లారీ కడుపులో నూనె నింపుతోంది, మరొకటి అన్నం పెట్టెలు ఎక్కిస్తోంది. రెండేళ్లుగా నేను కాగితం మీద రాస్తున్నది ఇదా అనిపించింది.

"గంతది లేస్తదా సారూ?" అన్నాడు గంగారాం.

"లేస్తది."

"నువ్వు ఎక్కినవా?"

"లేదు."

అది లేచి మబ్బుల్లో కలిసేదాకా ఇద్దరం చూశాం. తర్వాత ఆయన, "ఇయ్యాల నీకు పని లేదా ఆఫీసుల?" అని అడిగాడు. చెప్పకూడదనుకున్నాను, చెప్పేశాను. ఇవాళ మా అక్క కొడుకు పుట్టువెంట్రుకలు, సెలవు పెట్టుకున్నానని.

ఆయన మొహం వాడిపోయింది. "మేనమామవు! నువ్వు ఆడ ఉండక నా ఎంబడి ఎందుకు అచ్చినవ్? మీ అక్క తిడ్తది."

"తిట్టనీ అన్నా."

"అట్లనకు. తిట్టెటోళ్లు ఉండాలె," అన్నాడు. ఆయనకు అక్కచెల్లెళ్లు లేరట. సాయవ్వ ఒక్కతే.

రాత్రి పదకొండు దాటాక ఆ మేడం జాబితా పట్టుకుని వచ్చింది. ఒక పేరు పిలిచింది, రెండోది పిలిచింది. రెండో మనిషి వెనక నలుగురి కుటుంబం, ఒక్క సీటైతే వద్దన్నారు. మూడోవాడు ఎంత పిలిచినా పలకలేదు. నాలుగోది గంగారాం. మా ఇద్దరికీ ఒక్కసారిగా ఏం చేయాలో తోచలేదు. "భాగో!" అని ఆమే అరిచింది. ఆయన పెట్టె భుజానికెత్తుకుని పరుగెత్తాడు. నేను గాజు తలుపు దాకా వెళ్లాను, అక్కడ పోలీసు ఆపేశాడు. భుజం మీద పెట్టె ఉంది కదా, ఆయనకు తల వెనక్కి తిప్పడం కుదరలేదు. పెట్టె కనబడినంతసేపు చూశాను.

ఆ తర్వాత ఆకాశంలో చాలా చప్పుళ్లు వినబడ్డాయి. ఆయనది ఏదో నాకు తెలియలేదు. తెల్లారేదాకా ఆయన కూర్చున్న స్తంభం దగ్గరే కూర్చున్నాను. అప్పుడు నువ్వు గుర్తొచ్చావు, చిన్నోడు గుర్తొచ్చాడు. అంత పెద్ద ఊళ్లో, అన్ని వేల మంది మధ్య, నా పేరు తెలిసినవాడు ఒక్కడుంటే ఆ ఒక్కణ్ణీ నేనే పంపించేశాను అనిపించింది. ఏడ్చానని రాస్తే నువ్వు బాధపడతావు, అందుకని రాయను.

నేను రాసిచ్చిన కాగితం నకలు వారం తిరక్కుండా మా ఆఫీసుకు వచ్చింది. సాహేబు చదివి సొరుగులో పెట్టాడు. తొమ్మిది రోజులు నాతో మాట్లాడలేదు. టికెట్ల పుస్తకం నా దగ్గరి నుంచి తీసేసుకున్నాడు. ఇప్పుడు టైపు పని, టపా పని మాత్రమే. మా ఆఫీసుకు పైన ఉన్న బొంబాయి పెద్ద ఏజెంటు ఏమంటాడో ఇంకా తేలలేదు. తీసేస్తారని మాత్రం నాకు అనిపించడం లేదు, నువ్వు దిగులు పడకు. పదో రోజున సాహేబు ఒక పని చెప్పాడు. అర్ధరాత్రి దాటి ఎగిరే ప్రతి టికెట్ కవరు మీదా ఏ రోజు పొద్దుగూకాక అక్కడ ఉండాలో పెద్ద అక్షరాలతో రాయమన్నాడు, మరాఠీలో, ఉర్దూలో. "తుఝ్యా తెలుగూత్ పణ్," అన్నాడు. నీ తెలుగులో కూడా అని. రాస్తున్నాను.

చిన్నోడి చొక్కా, టోపీ ఈ ఉత్తరంతో పాటే పార్శిల్ చేస్తున్నాను. వాడు ఎదిగి ఉంటాడు, చొక్కా పట్టకపోతే ఎవరికైనా ఇవ్వు, టోపీ ఉంచు. బావ ముందు నిలబడి మాట్లాడే మొహం నాకు లేదు, నా తరఫున నువ్వే చెప్పు. మీ అత్తమ్మకు మొక్కానని చెప్పు. నిజామాబాద్ వైపు నుంచి ఎవరైనా వస్తుంటే చింతకాయ తొక్కు కొంచెం పంపు, ఎక్కువ వద్దు, ఎండకు పాడవుతుంది. అమ్మ పోయినప్పటి నుంచి నాకు ఇల్లంటే నీ ఇల్లే. నేను బాగానే ఉన్నాను. వేళకు తింటున్నాను.

ఒక్క ముచ్చట చెప్పి ఆపేస్తాను. నిన్న మధ్యాహ్నం సాయవ్వ ఆఫీసుకు వచ్చింది. వాళ్ల ఊరి దగ్గరి బిలోలి నుంచి బస్సులో, ఎండలో. చేతిలో దుబాయి కవరు. గంగారాం ఎవరిచేతనో హిందీలో రాయించి పంపాడు, ఆమెకు చదివిపెట్టేవాళ్లు లేరు. స్టూలు వేసి కూర్చోబెట్టి తెలుగులో చదివాను. చేరాడు, పని దొరికింది, ఒకే గదిలో పన్నెండు మంది ఉన్నారు, నీళ్లు ఉప్పగా ఉన్నాయి, నువ్వు బాగున్నావా, ఇంతే.

"మల్లొక్కసారి సదువు సారూ," అంది. చదివాను. ఇంకొకసారి అంది. మళ్లీ చదివాను.

ఆమె కవరు మడిచి కొంగులో కట్టుకుని లేచింది. గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

"ఈడ నీకు ఎవరున్నరు సారూ?"

"ఎవరు లేరు."

"మరి ఉత్తరాలు ఎవరు రాస్తరు?"

"మా అక్క రాస్తది," అన్నాను.

"మంచిగ రాస్తదా? జల్ది జల్ది రాస్తదా?"

"రాస్తది," అన్నాను.

అక్కా, వచ్చే శనివారం జవాబు రాయించుకోవడానికి ఆమె మళ్లీ వస్తుంది. నన్ను అబద్ధాలకోరును చేయకు.

నీ దీవెన కోసం తల వంచిన తమ్ముడు,
రాజేశం